కంటి ప్రెషర్‌కు ఖాతా పుస్తకం

కంటి ప్రెషర్ అంటే కనుగుడ్డు లోపల ఊరే నీరు దాని గోడల మీద మోపే ఒత్తిడి. పాదరసం మిల్లీమీటర్లలో దాన్ని లెక్కిస్తారు. ఎక్కువ మందిలో అది 10కీ 21కీ మధ్య ఉంటుంది. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. బీపీ 120/80 ఉన్న మనిషి కంట్లో 30 ఉండవచ్చు, ఏళ్ల తరబడి బీపీ బిళ్లలు మింగుతున్న మనిషి కంట్లో 14 ఉండవచ్చు. "నాకు బీపీనే లేదు, కంట్ల ప్రెషర్ ఎట్లొస్తది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ నీరు కన్నీరు కూడా కాదు. ఈ ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతినే జబ్బుకు నీటికాసులు (గ్లాకోమా) అన్న పేరు విని, కళ్ల వెంట నీళ్లు కారితేనే ఆ జబ్బు అనుకునేవాళ్లు చాలామంది. కంటి లోపలి నీరు నిమిషానికి సుమారు రెండు మైక్రోలీటర్ల చొప్పున ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న సన్నటి జల్లెడ గుండా నెమ్మదిగా రక్తంలోకి వెళ్లిపోతుంది. కాకతీయుల చెరువుల కింద వ్యవసాయం చేసిన వరంగల్ ప్రాంతంలో ఈ సంగతి ఒక్క మాటతో తెలుస్తుంది: వాగు వస్తూనే ఉండి తూము పూడుకుపోతే బరువంతా కట్ట మీదే. పాకాలకైనా రామప్పకైనా మత్తడి ఉంది, ఎక్కువైన నీరు దాని మీంచి పొర్లిపోతుంది. కంటికి మత్తడి లేదు. పెరిగిన ఒత్తిడి వెనకనున్న కంటి నరం మీద పడి, నరంలోని పోగులు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. చూపు చాలావరకు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. ఎక్కువ మందికి నొప్పి ఉండదు. పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి ఇప్పటిదాకా గట్టిగా రుజువైన మార్గం ప్రెషర్ తగ్గించడమే. స్వీడన్‌లో ఏళ్ల పాటు సాగిన ఒక పరిశోధనలో, తగ్గించిన ప్రతి ఒక్క మిల్లీమీటరుకూ జబ్బు ముదిరే ప్రమాదం దాదాపు పది శాతం తగ్గుతుందని తేలింది. అంటే 24 నుంచి 21కి దిగినా అది చిన్న లాభం కాదు.

నొప్పి లేని జబ్బు ఉందని తెలిసేదెట్లా? 1990ల చివర హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే జరిపింది. అప్పుడు హైదరాబాద్ నగరంలోనే మెల్లగా ముదిరే రకం నీటికాసులు ఉన్నవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా ఆ మాట అప్పటిదాకా తెలియదు. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు కార్యక్రమం, 2023 జనవరిలో మొదలైన దాని రెండో విడత ఊరూరికీ చూపు పరీక్షను తెచ్చాయి, లక్షల మందికి అద్దాలు ఇచ్చాయి. అది గొప్ప పనే. అయితే అద్దాలతో చార్టు కింది వరుస దాకా చదివేసిన మనిషికి కూడా నీటికాసులు ఉండవచ్చు, ఎందుకంటే నడిమి చూపు చిట్టచివరికి గానీ దెబ్బతినదు. నలభై దాటినవాళ్లు అద్దాల పరీక్షతో ఆగకుండా ప్రెషర్, కంటి నరం రెండూ చూపించుకోవాలి.

కొలిచే పద్ధతులు నాలుగైదు ఉన్నా, రోగికి తరచు ఎదురయ్యేవి రెండు. మొదటిది గాలి మిషను. గడ్డం ఆనించి కూర్చుంటే కంటి మీదికి టప్పున గాలి ఊదుతుంది. 1970లలో వచ్చిన ఈ పద్ధతిలో చుక్కల మందు అక్కర్లేదు, కంటిని ఏదీ తాకదు, అందుకే శిబిరాలకూ ఆసుపత్రుల్లో మొదటి వడపోతకూ బాగా పనికొస్తుంది. గుండె కొట్టుకునే లయతో పాటు కంటి ప్రెషర్ కూడా కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఒక్క ఊదుడు చాలదు. కంటికి మూడేసి సార్లు ఊది సగటు తీస్తారు.

రెండోది, ఈనాటికీ ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునేది, స్విట్జర్లాండ్ వైద్యుడు హాన్స్ గోల్డ్‌మన్ 1950లలో తయారుచేసిన పరికరం. ముందు కంటిని మొద్దుబార్చే చుక్క వేస్తారు, ఒక్క క్షణం చుర్రుమంటుంది. తర్వాత నారింజ రంగు పూసిన సన్నటి కాగితపు పట్టీని కింది రెప్పకు తాకిస్తారు. గదిలో దీపం తగ్గించి నీలి వెలుతురు వేస్తే ఆ రంగు కంటి మీద ఆకుపచ్చగా మెరుస్తుంది. ఒక చిన్న పారదర్శక గొట్టం కొస నల్లగుడ్డును మెల్లగా ఆనుకుంటుంది. రోగికి నీలి వెలుగు దగ్గరికి రావడం తప్ప ఏమీ తెలియదు. అవతల డాక్టరు కంటికి మాత్రం రెండు ఆకుపచ్చ అర్ధచంద్రాలు కనబడతాయి. పక్కనున్న చక్రాన్ని తిప్పుతూ, ఆ రెండిటి లోపలి అంచులు సరిగ్గా కలిసిన చోట ఆపి, చక్రం మీది అంకెను పదితో హెచ్చవేస్తారు. చక్రం 2 దగ్గర ఆగితే ప్రెషర్ 20. పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత ఒక అరగంట కంటిని నలపకూడదు. మొద్దుబారిన కంటికి గీసుకున్నా నొప్పి తెలియదు.

పిల్లలకూ, మంచం దిగలేని పెద్దలకూ చేత్తో పట్టుకుని చూసే చిన్న పరికరాలు ఉన్నాయి. రోగే ఇంట్లో కొలుచుకునే యంత్రాలు కూడా వచ్చాయి గానీ, ఖరీదు వల్ల అవి ఇంకా సామాన్యుడి ఇంటికి చేరలేదు. రెప్ప మీద వేలితో నొక్కి "మెత్తగనే ఉన్నది" అనుకోవడం పరీక్ష కాదు. కన్ను రాయిలా గట్టిపడితే తప్ప వేలికి ఏమీ తెలియదు.

ఇక ఇంటివాళ్ల చేతిలో ఉన్న పనులు.

1. ఖాతా పుస్తకం పెట్టాలి. ఏనుమాముల మార్కెట్‌కు సరుకు తోలిన రైతు దగ్గర ఏ రోజు ఎన్ని బస్తాలు, ఏ ధర అన్నది రాసి ఉంటుంది. కంటికి మాత్రం ఆ లెక్క ఎందుకు ఉండదు? పదేళ్లు చుక్కలు వేసుకున్న మనిషిని మొదట్లో ప్రెషర్ ఎంత ఉండేదని అడిగితే "ఎక్కువనే ఉండె" అన్న జవాబే వస్తుంది. కొత్త డాక్టరుకు ఆ మాటతో పని జరగదు. మందు వేయకముందు 34 ఉండి ఇప్పుడు 20 ఉన్న కన్నూ, ముందు 22 ఉండి ఇప్పుడు 20 ఉన్న కన్నూ ఒకటి కావు. బడి పిల్లల నోటుపుస్తకం చాలు. పేజీకి అడ్డంగా ఆరు గళ్లు: తేదీ, కొలిచిన వేళ, కుడి కన్ను, ఎడమ కన్ను, ఏ మిషను, ఆనాటికి వేస్తున్న చుక్కలు. ఒక వరుస ఇట్లా ఉంటుంది: మార్చి 12, పొద్దున 9.40, కుడి 26, ఎడమ 21, గోల్డ్‌మన్, చుక్కలు ఇంకా మొదలుపెట్టలేదు. దవాఖాన చీటీ మీద ఐఓపీ అన్న మూడు ఇంగ్లిషు అక్షరాల పక్కన ఉండే రెండు అంకెలే ఇవి. ఎన్‌సీటీ అని ఉంటే గాలి మిషను, జీఏటీ లేదా ఏటీ అని ఉంటే గోల్డ్‌మన్. అర్థం కాకపోతే కౌంటర్ దగ్గరే అడిగి అక్కడే రాసుకోవడం మంచిది; పల్చటి ఓపీ చీటీలు జేబులో రెండు వానలకే చెరిగిపోతాయి.

2. కుర్చీలో కూర్చునే తీరు అంకెను మారుస్తుంది. భయంతో ఊపిరి బిగబట్టినా, రెప్పలు గట్టిగా బిగించినా, మెడ చుట్టూ గుండీ గానీ స్కార్ఫు గానీ బిగుసుకుని ఉన్నా ప్రెషర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మెడ దగ్గర వదులు చేసుకుని, మామూలుగా ఊపిరి పీలుస్తూ, రెండు కళ్లూ తెరిచి ఎదురుగా చూడాలి. కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయాలి. వేసవిలో నర్సంపేట నుంచో ములుగు నుంచో బస్సులో ఎండన పడి వచ్చిన మనిషి, దవాఖాన మెట్ల దగ్గర లీటరు సీసా గటగటా తాగేసి నేరుగా పరీక్షకు కూర్చోవడం మామూలే. అంత నీరు ఒక్కసారిగా తాగితే కంటి ప్రెషర్ కొంతసేపు పెరుగుతుంది. దాహంతో కూర్చోమని దీనర్థం కాదు. కొద్దికొద్దిగా తాగి, కాసేపు ఆగి పరీక్షకు వెళ్లాలి.

3. వేళ మార్చి చూపించుకోవాలి. కంటి ప్రెషర్ రోజంతా ఒకలా ఉండదు. ఆరోగ్యమైన కంట్లోనే రోజులో మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది, నీటికాసుల కంట్లో ఇంకా ఎక్కువ. చాలామందికి తెల్లవారుజామునో పొద్దున్నేనో గరిష్ఠానికి చేరుతుంది. మహబూబాబాద్ వైపు పల్లె నుంచి వచ్చే ఒక పెద్దాయనను ఊహించుకోవచ్చు. బస్సు దిగి, చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుని డాక్టరు ముందుకు చేరేసరికి ప్రతిసారీ మధ్యాహ్నం పన్నెండు. మూడేళ్లుగా పుస్తకంలో 16, 17, 16. అయినా కుడి కంటి పక్క చూపు తగ్గుతూనే ఉంది. మందు పనిచేస్తున్నట్టా, చేయనట్టా? ఆ మాట తేలాలంటే ఒక్కసారైనా హనుమకొండలో చుట్టాల ఇంట్లో రాత్రి ఉండి, పొద్దున్నే మొదటి మనిషిగా ప్రెషర్ చూపించుకోవాలి. కుదిరితే అదే రోజు మధ్యాహ్నం, సాయంత్రం మళ్లీ కొలవమని డాక్టరును అడగవచ్చు. ఒకే రోజు కొన్ని గంటల తేడాతో పలుమార్లు కొలవడం ఈ వైద్యంలో పాత అలవాటే, అడగడానికి మొహమాటపడే పని లేదు. వేళ గడి ఖాళీగా వదిలేసిన ఖాతాకు సగం విలువ పోయినట్టే.

4. పరీక్ష కోసమే చుక్కలు వేసుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మూడు వారాలు మరిచిపోయి, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు శ్రద్ధగా వేసుకుంటే అంకె అందంగానే వస్తుంది. డాక్టరు "బాగుంది, ఇవే వాడండి" అంటారు. మిగతా మూడు నెలలు ఆ కన్ను ఎవరి లెక్కలోనూ లేనట్టే. మానేసి ఉంటే మానేశానని చెప్పాలి. మంట పుడుతుందనో, డబ్బు సరిపోవడం లేదనో, చేతులు వణికి చుక్క బుగ్గ మీద పడుతోందనో చెబితే ప్రతిదానికీ ఉపాయం ఉంటుంది: వేరే మందు, చవకైన జనరిక్ మందు, వేసి పెట్టే మనవరాలు. పరీక్ష రోజున కూడా, మానమని డాక్టరు ప్రత్యేకంగా చెప్పకపోతే, రోజూ లాగానే వేసుకుని వెళ్లాలి.

చుక్క వేసే తీరూ ముఖ్యమే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కిందికి లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒకే ఒక్క చుక్క. వెంటనే కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. అట్లా చేస్తే మందు గొంతులోకి దిగకుండా కంట్లోనే ఉంటుంది. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. దమ్ము ఉన్నవాళ్లూ, నాడి మెల్లగా కొట్టుకునేవాళ్లూ ఆ సంగతి ముందే చెప్పాలి, టిమోలాల్ వంటి చుక్కలు వాళ్లకు ప్రమాదం. సీసా మూత తీసిన తేదీని దాని మీదే రాసి, మందు మిగిలినా కంపెనీ చెప్పిన గడువుకు, సాధారణంగా నెలకు, మార్చేయాలి. వరంగల్ ఏప్రిల్, మే ఎండల్లో కిటికీ గట్టు మీద పెట్టిన మందు చెడిపోతుంది. లాటనోప్రోస్ట్ వంటి మందు తెరవని సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు.

5. ఒక మిషను అంకెను ఇంకో మిషను అంకెతో పోల్చకూడదు. శిబిరంలో గాలి మిషను 19 చూపి, దవాఖానలో గోల్డ్‌మన్ 23 చూపితే వారంలో నాలుగు పెరిగినట్టు కాదు. పుస్తకంలో మిషను గడి ఉన్నది ఇందుకే. అట్లాగే నల్లగుడ్డు మీది పారదర్శక పొర మందం, డాక్టర్లు కార్నియా మందం అనేది, జీవితంలో ఒక్కసారైనా కొలిపించి పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. గోల్డ్‌మన్ పరికరం ఆ మందం సుమారు అర మిల్లీమీటరు ఉంటుందన్న లెక్క మీద తయారైంది. పొర పల్చగా ఉంటే అసలు ప్రెషర్ కంటే తక్కువ చూపుతుంది, మందంగా ఉంటే ఎక్కువ చూపుతుంది. అద్దాలు పోగొట్టుకోవడానికి లేజర్ చేయించుకున్న యువకులకు ఈ పొర పల్చబడి ఉంటుంది. తర్వాత ఏ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ ఆపరేషన్ మాట చెప్పాలి, లేకపోతే ఎక్కువ ఉన్న ప్రెషర్ కూడా మామూలు అంకెలా కనబడుతుంది.

6. ఎర్రటి కంటికి దుకాణంలో అడిగి తెచ్చే చుక్కలు. మిరప తోటల జిల్లాలో ఇది ప్రత్యేకంగా చెప్పుకోవలసిన సంగతి. మిరపకాయ ఏరే రోజుల్లో, కల్లంలో ఎండబెట్టేటప్పుడు, మార్కెట్‌లో బస్తాలు విప్పేటప్పుడు ఘాటు కళ్లకు ఎక్కుతుంది. మందుల దుకాణంలో ఇచ్చిన చిన్న సీసాతో ఎరుపు, మంట ఒక్క పూటలో మాయమవుతాయి. ఇంతకంటే మంచి మందు ఉందా అనిపిస్తుంది. ఆ సీసాలో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటే, వారాల తరబడి వాడినప్పుడు సుమారు మూడింట ఒక వంతు మందిలో కంటి ప్రెషర్ కొంత పెరుగుతుంది, కొద్దిమందిలో చాలా ఎక్కువగా పెరుగుతుంది. అప్పుడూ నొప్పి ఉండదు. ఎండాకాలంలో కళ్లు దురద పెట్టే బడి పిల్లలకు ఏటా అదే సీసా కొనిపెట్టే ఇళ్లలో, పదిహేనేళ్లకే చూపు పోగొట్టుకునే పిల్లలు ఉంటారు. మనసును కలిచివేసే సంగతి ఏమిటంటే, ఆ నష్టం పూర్తిగా తప్పించగలిగింది. ఘాటు తగిలితే శుభ్రమైన నీళ్లతో కడుక్కోవాలి. స్టెరాయిడ్ చుక్కలు కంటి డాక్టరు రాసిన రోజుల వరకే వాడాలి, మధ్యలో ప్రెషర్ చూపించుకోవాలి. ఇంట్లో ఉన్న పాత సీసాలన్నీ తర్వాతి పరీక్షకు సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరుకు చూపితే స్టెరాయిడ్ ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. దమ్ముకు పీల్చే మందులు, చర్మానికి పూసే మలాములు, కీళ్ల నొప్పులకు తీసుకునే సూదులు కూడా ఆ సంచి లెక్కలోకే వస్తాయి.

7. "నార్మల్" అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. 21 లోపు ఉంటే అందరికీ క్షేమం అనుకోవడం తప్పు. కొందరికి 17 దగ్గరే నరం దెబ్బతింటుంది, కొందరికి 25 ఉన్నా ఏళ్ల తరబడి ఏమీ కాదు. అందుకే డాక్టరు ప్రతి కంటికీ ఒక గురి పెట్టుకుంటారు: మొదటి ప్రెషర్‌లో 20 నుంచి 30 శాతం తగ్గించడం సాధారణంగా మొదలు, నరం బాగా దెబ్బతిన్న కంటికి ఇంకా కిందికి, 12 దగ్గరికి. "నా కంటికి గురి ఎంత?" అని అడిగి తెలుసుకున్న రోగి తన పుస్తకాన్ని తానే చదవగలడు. ప్రెషర్ ఒక్కటే కాదు, పక్క చూపు పరీక్ష, కంటి నరం స్కానింగ్ కూడా దాని పక్కనే ఉండాలి. ప్రెషర్ గురి లోపలే ఉన్నా పక్క చూపు తగ్గుతుంటే గురినే దింపాలి. కొత్త మందు మొదలుపెట్టిన నెలకు ఒకసారి, కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి ప్రెషర్, ఏడాదికి కనీసం ఒకసారి పక్క చూపు పరీక్ష అన్నది మామూలు క్రమం. ప్రెషర్ దిగింది కదా అని చుక్కలు మానేస్తే కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో మళ్లీ ఎక్కుతుంది. దిగింది ఆ చుక్కల వల్లే. యోగా చేసేవాళ్లు శీర్షాసనం మానాలి. చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఆ ఆసనంలో ఉన్నంతసేపు కంటి ప్రెషర్ దాదాపు రెండింతలైంది. నడక, తల కిందికి వంచని మామూలు ఆసనాలు నిశ్చింతగా చేసుకోవచ్చు.

8. తెల్లారేదాకా ఆగకూడని రాత్రి ఒకటి ఉంది. నీటికాసుల్లో ఒక రకంలో నీటి దారి ఒక్కసారిగా మూసుకుపోయి ప్రెషర్ 50 దాకా, అంతకు మించి కూడా వెళుతుంది. ఒక పక్క కన్ను, తల పగిలిపోయే నొప్పి, కన్ను ఎర్రబడటం, చూపు మసకబారడం, వీధి దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు. వాంతులు చూసి పైత్యమనుకుంటారు, తలనొప్పి చూసి పార్శ్వనొప్పి అనుకుంటారు, బిళ్ల మింగించి పడుకోబెడతారు. కన్ను ఎర్రబడి చూపు తగ్గిందా అన్న ఒక్క ప్రశ్నతో తేడా తెలిసిపోతుంది. తగ్గితే ఆ గంటలోనే కంటి వైద్యుడున్న ఆసుపత్రికి, లేదా దగ్గర్లోని పెద్ద ప్రభుత్వ దవాఖానకు బయల్దేరాలి. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎంజీఎం ఆసుపత్రి రెండూ ఉన్నాయి. అక్కడి నుంచి పంపవలసి వస్తే హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ సంస్థ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా నోటుపుస్తకం, చుక్కల సీసాలు వెంట ఉండాలి.

9. చివరి పేజీలు ఇంటివాళ్లకు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో నీటికాసులు ఉంటే మిగతావాళ్లకు ఆ ప్రమాదం చాలా రెట్లు ఎక్కువ, అందులోనూ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ. కాబట్టి జబ్బు బయటపడిన మనిషి పుస్తకం వెనక నుంచి తోబుట్టువులకు ఒక్కో పేజీ, నలభై దగ్గర పడుతున్న పిల్లలకు ఒక్కో పేజీ పేర్లు రాసి ఉంచాలి. కరీంనగర్‌లో ఇచ్చిన చెల్లెలైనా, భివండి మగ్గాల మీద ఉన్న తమ్ముడైనా, బతుకమ్మకో దసరాకో ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట కంటి దవాఖానకు వెళ్లి వస్తే ఆ పేజీలో మొదటి వరుస నిండుతుంది: తేదీ, వేళ, కుడి, ఎడమ, మిషను.